సొంత రాతలు ఎందుకు చదవాలి?

కిందటి వేసవిలో మన యువ రచయితలతో రెండు రోజులు కూర్చున్నప్పుడు ఒక తమ్ముడు లేచి అడిగాడు. "అన్నా, ఎవరో ఒకామె పొద్దున్న ఏం తిన్నదో, సాయంత్రం ఎవరితో తగువు పడ్డదో రాసుకుంటే అది మేమెందుకు చదవాలి? నవల చదివితే కథ తెలుస్తుంది. చరిత్ర చదివితే గ్రూప్స్ పరీక్షకు పనికొస్తుంది. ఇది దేనికి?"

అక్కడున్న మాస్టార్లలో సగం మంది తలలూపారు. మేమూ ఆ వేళ సరైన జవాబు చెప్పలేకపోయాం. "చదివితే మంచిది" అని ఏదో అన్నాం. అది జవాబు కాదని మాకే తెలుసు. ఆ తర్వాత డైరీలు, రోజువారీ నోటుపుస్తకాలు, ఎవరికీ చూపించకుండా దాచుకుని పోయినవాళ్ల కాగితాలు పనిగట్టుకుని చదివాం. ఆ తమ్ముడికి ఆలస్యంగా ఇస్తున్న జవాబు ఇది.

ముందు మన గురించి ఉన్న పుస్తకాలను తలచుకుందాం. వాటికి లోటు లేదు. తెల్లదొరల కాలం గెజిటీర్ల దగ్గర్నుంచి నిన్నటి సర్వే రిపోర్టు దాకా అలమరలు నిండా ఉన్నాయి. వాటిలో క్రియలు చూడండి. "వీరు పోడు చేస్తారు. వీరు అంబలి తాగుతారు. వీరు దయ్యాలను నమ్ముతారు." చేస్తారు, తాగుతారు, నమ్ముతారు. ఏ రోజు? ఏ ఊళ్లో? ఆ రోజు వాన పడిందా? అంబలి అందరికీ సరిపోయిందా? ఆ వాక్యానికి తేదీ లేదు, అందుకే దానికి ముగింపూ లేదు. వందేళ్ల కిందట తాగినవాళ్లం వందేళ్ల తర్వాత కూడా తాగుతూనే ఉండాలి. సొంత రాతలో క్రియ వేరు. "ఇవాళ అంబలి తాగలేదు. పిండి అయిపోయింది." ఇక్కడ ఒక మనిషి ఉంది, ఒక రోజు ఉంది, రేపేమవుతుందో ఆ మనిషికి తెలియదు.

ఈ తెలియకపోవడమే సొంత రాతకు ప్రాణమని మేమనుకుంటున్నాం. ఆత్మకథ రాసేవాడికి తన కథ ఎక్కడ ఆగిందో తెలుసు. కష్టపడ్డాను, చదివాను, పైకొచ్చాను అని వరస పెట్టుకోగలడు. డైరీ రాసేవాళ్లకు ఆ సౌకర్యం లేదు. వాళ్లు చీకట్లో నడుస్తూ రాస్తారు. చదివే మనకు మాత్రం తర్వాత ఏం జరిగిందో తెలుసు. ఆ తేడా మధ్య కూర్చుని చదివినప్పుడు మనిషి గురించి తెలిసేది మరే పుస్తకంలోనూ దొరకదు.

రెండు పుస్తకాలు తీసుకుని చూద్దాం. ఒకటి ఇతరుల గురించి రాసి బతికినవాడిది. రెండోది తన గురించి తాను రాసుకున్నామెది.

మొదటాయన బ్రోనిస్లావ్ మాలినోవ్‌స్కీ. పోలండు దేశస్థుడు. పుట్టిన ఊరు అప్పట్లో ఆస్ట్రియా పాలనలో ఉండేది. 1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయన ఆస్ట్రేలియాలో ఉన్నాడు. అక్కడివాళ్ల దృష్టిలో శత్రుదేశం మనిషి. అయినా పరిశోధనకు అనుమతి దొరికింది. ఇప్పుడు పపువా న్యూగినీలో భాగంగా ఉన్న ట్రోబ్రియాండ్ దీవులకు వెళ్లి, జనం మధ్య గుడారం వేసుకుని, వాళ్ల భాష నేర్చుకుని పని చేశాడు. ఆ దీవులవాళ్లు గవ్వల హారాలు, గవ్వల కడియాలు పడవల మీద దీవి నుంచి దీవికి మార్చుకునే పద్ధతి మీద 1922లో ఆయన వేసిన పుస్తకం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. స్థానికుడి చూపుతో లోకాన్ని చూడాలి అని బోధించినవాడు ఆయనే. ఈనాటికీ యూనివర్సిటీ నుంచి మన గూడేలకు పరిశోధనకు వచ్చే పిల్లలు ఆయన చూపిన బాటలోనే వస్తారు.

ఆయన 1942లో చనిపోయాడు. కాగితాల్లో డైరీలు దొరికాయి. ఎక్కువ భాగం పోలిష్ భాషలో, తనకోసమే రాసుకున్నవి. భార్య వాటిని 1967లో ఇంగ్లీషులో అచ్చు వేయించింది. చదివినవాళ్లకు నోట మాట రాలేదు. ఏ జనాన్ని గౌరవంతో వర్ణించాడో ఆ జనం మీదే డైరీలో చిరాకు, తిట్లు, చర్మం రంగును బట్టి అవమానించే మాటలు. ఎప్పుడూ ఒంట్లో బాగాలేదన్న భయం. పని మానేసి నవలలు చదువుతూ పడుకోవడం, తర్వాత తనను తానే తిట్టుకోవడం. పెళ్లాడబోయే అమ్మాయి మీద బెంగ. తల్లి పోయిందన్న కబురు అందిన రోజు మాత్రం పుటలు మెత్తబడతాయి.

ఈ పుస్తకం గురించి చెప్పగానే మన కుర్రాళ్లు రెండు రకాలుగా మాట్లాడారు. ఒకరు, "చూశారా, మన గురించి రాసేవాళ్లందరూ ఇంతే. వాళ్ల పుస్తకాలు తగలబెట్టాలి" అన్నారు. ఇంకొకరు, "పాపం ఒంటరితనం, ఎవరైనా అలాగే రాసుకుంటారు" అన్నారు. రెండింటితోనూ మాకు పేచీ ఉంది. తగలబెడితే 1922 పుస్తకంలోని నిజమైన పరిశీలన కూడా పోతుంది. అది నిజంగా మంచి పని. క్షమించేస్తే ఆ తిట్లు తిన్నవాళ్ల తరఫున మనం క్షమించినట్టవుతుంది. ఆ హక్కు మనకెవరిచ్చారు? రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. "వీరు ఇలా చేస్తారు" అనే చల్లని వాక్యం రాసిన చెయ్యికి ఆ ఉదయం కోపం ఉంది, కడుపునొప్పి ఉంది, ఇంటి మీద బెంగ ఉంది. ఇది తెలిశాక మన గురించి రాసిన ఏ పుస్తకాన్నీ దేవుడి వాక్కులా చదవలేం. అలాగని చెత్తలా పారేయనూలేం. రాసింది ఎవరు, ఆ పూట ఎలా ఉన్నాడు అని అడగడం నేర్చుకుంటాం. టీచర్లు తరగతి గదిలో నేర్పగలిగిన మంచి అలవాట్లలో ఇదొకటి.

ఈ కథ మనకు దూరం కాదు. ఆస్ట్రియాలో పుట్టిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ కూడా యుద్ధం వల్లే మన మధ్య ఇరుక్కున్నాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉంది. శత్రుదేశస్థుడు కాబట్టి హైదరాబాదు సంస్థానం దాటి పోకూడదన్నారు. అలా చెంచుల మీద, గోదావరి కొండల్లోని కొండరెడ్ల మీద, ఆదిలాబాదు గోండుల మీద పుస్తకాలు వచ్చాయి. మనవాళ్లు ఆయన్ను ప్రేమగానే తలచుకుంటారు. 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీమును చంపిన తర్వాత గోండుల గోడు నిజాం సర్కారుకు రాసి పంపినవాడు ఆయన. ఆయన భార్య బెట్టీ 1987లో పోతే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆ ప్రేమను మేం కాదనం. కానీ ఒక్కమాట. ఆయన డైరీలు, ఫొటోలు, సినిమా రీళ్లు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. మార్లవాయి మనవడు తన తాత కాలం నాటి ఒక మామూలు రోజు ఎలా గడిచిందో చదవాలంటే సముద్రం దాటాలి. 1943లో ఆ ఊళ్లోనే గోండు యువకులకు టీచర్ శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ యువకుల్లో ఒక్కడు, మొదటిసారి పలక పట్టుకున్న పిల్లల ముందు నిలబడ్డ రోజు సాయంత్రం నాలుగు వాక్యాలు రాసి ఉంటే ఇవాళ మన టీచర్లకు అంతకంటే పాఠ్యపుస్తకం ఏముంటుంది?

ఇక రెండో పుస్తకం. దీని దగ్గర ఎక్కువసేపు కూర్చుంటాం. ఎందుకంటే ఆ రాసినామె పరిశోధకురాలు కాదు, మనలాంటి మనిషి.

బ్రెజిల్ దేశంలో సావో పాలో అనే మహానగరం. దాని నది ఒడ్డున కనిండే అనే మురికివాడ. అలాంటి వాడల్ని అక్కడ ఫవేలా అంటారు. అందులో చెక్కలు, రేకులతో తానే కట్టుకున్న గుడిసెలో ముగ్గురు పిల్లలతో ఉండేది కరోలినా మరియా డి జెసూస్ అనే నల్లజాతి స్త్రీ. బడికి వెళ్లింది రెండేళ్లే. వీధుల్లో చిత్తుకాగితాలు, ఇనప ముక్కలు ఏరి అమ్ముకుంటేనే ఆ పూట తిండి. ఆ ఏరిన చెత్తలో దొరికిన నోటుపుస్తకాల్లో ఖాళీ పేజీలు ఉంటే వాటిలో రాసుకునేది. అచ్చయిన డైరీలో మొదటి తేదీ 1955 జూలై 15. ఆ రోజు కూతురు పుట్టినరోజు. పాపకు చెప్పులజత కొనాలనుకుంది, డబ్బుల్లేవు. చెత్తలో దొరికిన జతను కడిగి, బాగుచేసి తొడిగింది. పుస్తకం అక్కడ మొదలవుతుంది.

1958లో ఔదాలియో డాంటాస్ అనే విలేకరి ఆ వాడకు వెళ్లాడు. పిల్లల ఆటస్థలంలో పెద్దవాళ్లు చేరి ఉయ్యాలలు ఆక్రమించుకున్నారు. ఒకావిడ వాళ్ల మీద అరుస్తోంది, మీ అందరి పేర్లూ నా పుస్తకంలో ఎక్కిస్తానని. ఏ పుస్తకమమ్మా అని అడిగితే గుడిసెలోకి తీసుకెళ్లి నోటుపుస్తకాలు చూపించింది. 1960లో అది పుస్తకమై వచ్చింది. మొదటి ముద్రణ కొద్దిరోజుల్లోనే అయిపోయింది. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. నగరం ముందుగది అయితే ఫవేలా పాత సామాన్లు పడేసే గది అని ఆమె అనుకునేది. పుస్తకం పేరు కూడా అదే.

ఇందులో సాహిత్యం ఏముంది అంటారా? పొద్దున్నే లేచింది, కుళాయి దగ్గర వరసలో నిలబడి నీళ్లు తెచ్చింది. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. మేం మొదట చదివినప్పుడు ఈ నీళ్ల సంగతి దాటేసి ముందుకు పోయాం. తర్వాత సిగ్గుపడ్డాం. మన ఊళ్లలో ఊట దగ్గరికి దిగి బిందె ఎత్తుకుని కొండెక్కే మా అమ్మలు ఆ పనిని ఎన్ని వేలసార్లు చేశారు? ఒక కథలో రచయిత ఒకసారి రాస్తాడు, "ఆమె నీళ్లు మోసేది" అని. అయిపోయింది. డైరీలో అలా అవదు. రోజూ వస్తుంది. ఆ విసుగే నిజం. విసుగు లేకుండా పేదరికం గురించి చదివితే దుఃఖం తెలుస్తుందేమో గాని బరువు తెలియదు.

డాంటాస్ ఆ నోటుపుస్తకాల్లోంచి చాలా తీసేశాడు. ఒకే సంగతి మళ్లీ మళ్లీ వస్తే పాఠకుడు అలసిపోతాడని ఆయన భయం. అక్షరదోషాలను మాత్రం అలాగే ఉంచాడు. ఈ రెండు పనులనూ కలిపి చూడాలి. ఆమె పడ్డ అలసట పోయింది, ఆమె తప్పులు నిలిచాయి. ఆయన మంచి ఉద్దేశంతోనే చేశాడని నమ్ముతున్నాం. ఆయన లేకపోతే ఆ నోటుపుస్తకాలు మళ్లీ చెత్తలోకే పోయేవి. అయినా అడగక తప్పదు. తప్పుల్ని ఉంచితే పాఠకుడికి "నిజమైన పేదామె" కనిపిస్తుంది. ఆమె ఇష్టపడి వాడుకున్న గొప్ప గొప్ప మాటలు, పద్యాలు, నవలలు ఎవరికీ అక్కర్లేదు. 1963లో ఆమె సొంత డబ్బుతో నవల అచ్చువేయించుకుంటే పట్టించుకున్నవాళ్లు లేరు. లోకం ఆమె దగ్గర ఆకలి ఒక్కటే కొనుక్కుంది. 1977లో పేదగానే పోయింది. మన రచయితలకు ఇది కొత్త కథ కాదు. మన దగ్గర్నుంచి పోరాటం, పోడు, మలేరియా గురించి కథలు అడుగుతారు. మన కుర్రాడు ప్రేమ గురించో నక్షత్రాల గురించో రాస్తే "ఇందులో గిరిజన జీవితం లేదే" అంటారు.

కరోలినా దేవత కాదు. పొరుగువాళ్ల తగువులు, తాగుడు, కాపురాలు అన్నీ పేర్లతో సహా రాసింది. ఈశాన్య ప్రాంతం నుంచి వలస వచ్చినవాళ్ల మీద ఆమెకు చిన్నచూపు ఉంది. పుస్తకం అమ్ముడుపోయి ఆమె ఇటుకల ఇంటికి మారే రోజున పొరుగువాళ్లు కొందరు రాళ్లు విసిరారు. వాళ్లది అసూయ అని కొట్టిపారేయడం సులువు. మా పేరు పుస్తకంలో పెట్టి అమ్ముకున్నావు అనే మాటలో న్యాయం కొంత ఉంది.

ఇక్కడ మన పెద్దల్లో కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. తేలిగ్గా తీసుకోదగింది కాదు. "నేను నేను అని రాసుకోవడం మన పద్ధతి కాదు. మన పాటలో నేను లేదు, మేమే. పండగ అందరిదీ, అడవి అందరిదీ. డైరీ అనేది తలుపు గడియ పెట్టుకునే ఇళ్ల అలవాటు." నిజమే. ఈ వ్యాసం కూడా మేము "మేము" అనే రాస్తున్నాం. అలవాటు అలాంటిది. కానీ ఆ మాట వెనక ఏమేం దాక్కుంటాయో కూడా చూడాలి. "మేము కల్లు తాగుతాం" అంటే తాగని అక్క, దెబ్బలు తిన్న అక్క ఆ మాటలో ఎక్కడున్నట్టు? "మాకు భూమి ఉంది" అన్న ఊళ్లో షావుకారుకు తాకట్టు పెట్టినవాడు ఏ వాక్యంలో ఉన్నాడు? సర్వే రిపోర్టు "వీరు" అంటుంది, మనం "మేము" అంటాం. రెండింటిలోనూ ఆ ఒక్క మనిషి కనిపించదు. ఆ మనిషి దొరికే చోటు సొంత రాత.

మనకు రాత లేదన్నమాట కూడా పూర్తి నిజం కాదు. ఆదిలాబాదు జిల్లా గుంజాలలో గోండి లిపిలో పాత రాతప్రతులు బయటపడ్డాయి. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. ఫోనులో రాసుకోవడానికి దారి పడింది. ఏ లిపిలో రాసుకున్నా మాకు సమ్మతమే, తెలుగులో రాసుకున్నా సరే. అయితే ఏ తెలుగు? గిడుగు రామమూర్తి పంతులు గారు వాడుక భాష కోసం పోరాడారని ప్రతి టీచరూ పాఠం చెబుతాడు. ఆయన సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని 1931లో దానికి వ్యాకరణం వేసినవాడు కూడా. నోటి మాటను గౌరవించడం ఆయనకు పండితుల సభల్లోనే కాదు, కొండమీదా అలవాటైంది. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం చేసి, మర్నాడు పిల్ల నోటుపుస్తకంలో తన ఇంటి మాట రాస్తే ఎర్రసిరాతో కొట్టేయడం మన బడుల్లో మామూలైపోయింది.

ఎర్రసిరా కంటే పెద్ద తప్పు ఒకటుంది. మేం చదువుకునే రోజుల్లో మా ఆశ్రమ పాఠశాలలో ఒక అమ్మాయి పెట్టె కింద నోటుపుస్తకం దొరికింది. ప్రార్థన సమయంలో ఒక మాస్టారు అందులోంచి రెండు పేజీలు గట్టిగా చదివారు. అందరూ నవ్వారు. మేమూ నవ్వాం. ఆ అమ్మాయి దసరా సెలవులకు ఇంటికెళ్లి మళ్లీ రాలేదు. సొంత రాతలు చదవండి అని చెప్పే మేము ఈ సంగతి దాచకూడదు. మాలినోవ్‌స్కీ డైరీని అచ్చు వేయాలా వద్దా అని పెద్దపెద్దవాళ్లు వాదించుకున్నారు. చనిపోయినవాడి సంగతే అంత ఆలోచించాల్సి వస్తే, బతికున్న పిల్ల సంగతి ఎంత ఆలోచించాలి? రాసినవాళ్లు ఇస్తేనే చదవాలి. ఎంత ఇస్తే అంతే చదవాలి. టీచరైనా సరే, అడిగి తీసుకోవాలి. దిద్దకూడదు, మార్కులు వేయకూడదు.

ఈమధ్య మా బృందంలో కొందరు నెలకోసారి కలిసి ఇష్టమైనవాళ్లు తమ నోటుపుస్తకంలో ఒక పేజీ చదువుతున్నారు. ఇష్టం లేనివాళ్లు వింటున్నారు. ఒక డిగ్రీ చదివే చెల్లి చదివిన పేజీ మాకు గుర్తుండిపోయింది. ఇటుకల పండగకు ఇంటికెళ్లింది. అన్నయ్యలు వేటకెళ్లి ఉత్త చేతులతో వచ్చారు. ఆడవాళ్లు ఎగతాళి పాట కట్టారు. ఇంతవరకూ అందరం రాస్తాం. తర్వాత రెండు వాక్యాలున్నాయి. ఆ పాటలో తను గొంతు కలపలేకపోయిందట, ఎందుకంటే హాస్టల్లో ఆరేళ్లు ఉండి పాట మాటలు మర్చిపోయింది. పెదాలు మాత్రం కదిపిందట, వాళ్లమ్మ చూసిందట. మన పండగల మీద వచ్చిన ఏ పుస్తకంలోనూ ఈ రెండు వాక్యాలు మాకు కనబడలేదు. చదువు మనకేం ఇచ్చింది, ఏం పట్టుకుపోయింది అని మనం సభల్లో గంటలు గంటలు మాట్లాడతాం.

కిందటేడు ప్రశ్న వేసిన తమ్ముడు కూడా ఆ రోజు అక్కడున్నాడు. ఏమీ అనలేదు గాని, మళ్లీ నెల ఎప్పుడు కలుస్తున్నామని అడిగి వెళ్లాడు. ఆ పేజీని ఈ సంచికలో వేద్దామని చెల్లిని అడిగాం. మీకు చెప్పినంత చెప్పండి, పేజీ మాత్రం ఇవ్వనంది. మళ్లీ అడగలేదు.